ఘాలా గోంగూర, నా విదేశీ చదువు

ఇరవై రెండేళ్ల వయసులో మనిషికి తాను చూసిందల్లా తానే కనిపెట్టాననిపిస్తుంది. అంతకుముందు అక్కడ ఎవరూ లేరనీ, తను వెళ్లి నిలబడ్డాకే ఆ చెట్టుకు ఆకులు మొలిచాయనీ, ఆ సంతకు జనం వచ్చారనీ ఒక గట్టి నమ్మకం. ఆ రోజుల్లో నాకు ఈ నమ్మకం కాస్త ఎక్కువ మోతాదులోనే ఉండేది. చేతిలో ఫోను, ఫోనులో నెట్టు, నెట్టులో నేనేం పెట్టినా మెచ్చుకోవడానికి సిద్ధంగా ఉన్న కొంతమంది ఖాళీ మనుషులు. ఒక కుర్రవాడు చెడిపోవడానికి ఇంతకంటే ఏం కావాలి?

నేను పై చదువుకు మస్కట్ వెళ్లాను. ఈ మాట మా కరీంనగర్‌లో ఎవరికి చెప్పినా ఒకసారికి అర్థమయ్యేది కాదు. మా వైపు మస్కట్‌కు మనిషిని పంపని ఇల్లు తక్కువే. కాని వాళ్లంతా ఇటుకలు మోయడానికి, ఇనుము వంచడానికి, బండ్లు నడపడానికి వెళ్లినవాళ్లు. మా వీధి చివర కిరాణా కొట్టు తాత, “ఏం వీసా బిడ్డా? హెల్పరా, మేసనా?” అని అడిగాడు. “చదువు వీసా తాతా” అన్నాను గర్వంగా. ఆయన చేతిలో ఉన్న బెల్లం ముక్క పక్కన పెట్టి నా వైపు జాలిగా చూశాడు. “అయ్యో, ఏజెంటు మోసం జేసిండా? ఇంకా టైమున్నది, పాస్‌పోర్టు వాపస్ అడుగు” అన్నాడు. (నిజం చెప్పాలంటే మస్కట్‌ను నేను ఎంచుకోలేదు. మిగతా దేశాలు నన్ను ఎంచుకోలేదు. మా బాబాయి మస్కట్‌లోని అల్ ఖువైర్‌లో ఒక ఆఫీసులో అకౌంటెంటు కావడం, ఆయన ఫ్లాటులో ఒక మంచం ఖాళీగా ఉండడం, అక్కడొక ప్రైవేటు కాలేజీ నా మార్కులు చూసి కూడా సీటివ్వడం, ఈ మూడూ కలిసి నన్ను విదేశీ విద్యార్థిని చేశాయి.)

అక్కడ ఎంబీయే చదువుకుంటూ హాయిగా ఉండేవాణ్ని, ఒక్క ఫ్రాన్స్‌గాడు లేకపోతే. వాడు డిగ్రీలో నా పక్క బెంచీ. నాతో సమానంగా కాపీ కొట్టి, నాకంటే నాలుగు మార్కులు ఎక్కువ తెచ్చుకుని, ఫ్రాన్సులో ఏదో ఊళ్లో సీటు సంపాదించాడు. అక్కడితో ఊరుకున్నాడా? ప్రతి ఆదివారం ఫోటోలు పెట్టేవాడు. చేతిలో వెదురు బుట్ట, బుట్టలోంచి తొంగిచూసే కర్రంత రొట్టె, వెనక పూల కుండీలు, పండ్ల సంత, చెక్క బల్ల మీద జున్నుగడ్డలు. కింద రెండు ముక్కలు: ‘స్థానిక సంతలో నా ఆదివారం.’ మరోవారం ఎవరిదో తోట, రాతి గోడ, గోడకు గులాబీలు: ‘ఈ తోటను ఇవాళే కనుక్కున్నాను.’ డిగ్రీ రోజుల్లో వీడికి కొత్తిమీరకూ పుదీనాకూ తేడా తెలియదు. వాళ్లమ్మ ఒకటి తెమ్మంటే మరొకటి తెచ్చి తన్నులు తిన్న సంగతి నాకు తెలుసు. అలాంటివాడు తోటలు కనిపెడుతుంటే నేను బాబాయి సోఫాలో పడుకుని పల్లీలు తినడమేమిటి? ఒమన్‌లో తోటలు లేవా? సంతలు లేవా? వాటిని కనిపెట్టే బాధ్యత నా మీద పడింది.

మొదట మత్రా సూక్ అనే పాత బజారు మీద పడ్డాను. సన్నటి సందులు, సాంబ్రాణి వాసన, వెండి పిడుల కత్తులు. ఒక దుకాణంలో తలకు ఎంబ్రాయిడరీ టోపీ పెట్టుకున్న పెద్దమనిషి కూర్చుని ఉన్నాడు. నాకు కావలసిన స్థానికుడు దొరికాడనుకున్నాను. ఒక శాలువా ఎత్తి పట్టుకుని, కాలేజీలో ఐచ్ఛిక పాఠంగా ఆరు వారాలు నేర్చుకున్న అరబ్బీలో, ఇది ఈ దేశంలోనే నేసినదా అని అడిగాను. ఆయన నన్ను పైనుంచి కిందికి చూసి, “లోకలీచ్ హై భాయ్, టెన్షన్ నక్కో లేవ్” అన్నాడు. చార్మినార్ వెనక సందులో పుట్టి పెరిగినవాడట. శాలువా అంచు తిరగేస్తే లుధియానా అని అచ్చు వేసి ఉంది. అయినా ఫోటో తీసి, ‘ఒమనీ నేతగాడితో ఒక సాయంత్రం’ అని పెట్టాను. (ఆ పెద్దమనిషి దీన్ని చూడలేదని ఇప్పటికీ ఆశిస్తున్నాను.)

తరవాత తోటలు. పచ్చికలో ఒక పుస్తకం తెరిచి పట్టుకుని, సెల్ఫీకి అనువుగా పక్కకు ఒరిగి పడుకున్నాను, ఖురుం పార్కులో. నాలుగో ఫోటో తీసుకుంటుండగా నేలలోంచి నీళ్లు చిమ్మాయి. పుస్తకం, ఫోను, నేను, ముగ్గురం తడిశాం. దూరం నుంచి పసుపు చొక్కా తోటమాలి పరుగున వచ్చి, “ఓ అన్నా! పొమ్మని చెయ్యూపిన గదా, కనబడలేదా? నీళ్లిడిసే టైమిది!” అని అరిచాడు. అచ్చమైన జగిత్యాల తెలుగు. ఆ తడిలో మనవాడినని ఒప్పుకోవడం నామోషీగా అనిపించి, భుజాలెగరేసి “సారీ?” అన్నాను. ఆయన పక్కనున్నవాడితో నెమ్మదిగా, “మనోడే. సిగ్గు పడుతుండు” అన్నాడు.

ఇలా ఒమన్‌ను నేను కనిపెడుతూ, ఒమన్ నన్ను కనిపెడుతూ ఉండగా, ఒక శుక్రవారం మా ఇంటికి గోంగూర వచ్చింది.

అది పదిహేను రోజులకొకసారి వస్తూనే ఉంది. నేనే గమనించలేదు. ఊరి అంచున ఘాలాలో ఉన్న కూలీల క్యాంపు నుంచి ఒకాయన తెచ్చి ఇచ్చేవాడు. మా పిన్ని పుట్టింటి ఊరి పక్క ఊరివాడు. పిన్ని “అన్నా” అనేది, అందుకని నాకు మామ అయ్యాడు. సెంట్రింగ్ మేస్త్రి. పదిహేడేళ్లుగా మస్కట్‌లోనే డ్యూటీ. ఎప్పుడో బాబాయి ఆయనకు ఇంగ్లిషులో ఒక దరఖాస్తు రాసి పెట్టాడట, ఆ కృతజ్ఞత ఇంకా ఆకుల రూపంలో మా గుమ్మంలోకి వస్తోంది. గుమ్మంలోకి అన్నది ఊరికే అనలేదు. పిన్ని సంచీ అందుకుని, లోపలికి రమ్మని రెండుసార్లు మాత్రమే అనేది. మూడోసారి అంటే ఆయన వస్తాడని ఆమెకు తెలుసు. తరవాత స్నేహితురాళ్లు భోజనానికి వచ్చి, “ఇంత మంచి గోంగూర ఎక్కడ దొరికింది?” అని అడిగితే, “హైపర్‌మార్కెట్‌ల. ఆర్గానిక్ సెక్షన్” అనేది చిరునవ్వుతో.

ఆ శుక్రవారం తలుపు తీసింది నేను. సంచీలోని ఆకుల మీద ఇంకా తడి ఉంది. “ఎక్కడ కొన్నారు మామా?” అన్నాను. “కొనుడేంది బిడ్డా, మా రూముల యెనుక పెంచుతం” అన్నాడాయన. ఫ్రాన్స్‌గాడికి దొరికింది ఇతరుల తోట. నాకు దొరికింది రహస్య తోట! “నేను చూడొచ్చా?” అన్నాను. “సూడనీకేమున్నది, పా. కింద బస్సున్నది” అన్నాడు. వంటింట్లోంచి పిన్ని, “ఘాలాకా? దుమ్ములకు పోతె నీకు తుమ్ములొస్తయ్ రా!” అని కేకేసింది. ఆ తుమ్ములు అల్ ఖువైర్ మర్యాదకు సంబంధించినవని నాకు తెలిసినా, బస్సెక్కేశాను.

కంపెనీ బస్సు నడిపేది కడప భాయ్. ఉర్దూ, రాయలసీమ తెలుగు కలిపి మాట్లాడేవాడు, రెండూ తెలిసినవాళ్లకు కూడా రెండుసార్లు చెప్పాల్సి వచ్చేది. “చదువుకునే సారు క్యాంపుకు వచ్చాండాడే! క్యా బాత్ హై!” అని ముందు సీటు తుడిచి కూర్చోబెట్టాడు. గ్యారేజీలు, గోదాములు దాటి, ఇనుప గేటులోంచి లోపలికి వెళ్లాం. వరుసగా రేకు గదులు. వాటి వెనక, గోడకూ గదులకూ మధ్య, మనిషి పక్కకు తిరిగి నడవాల్సినంత సందు. ఆ సందులో ఉంది తోట.

అన్నీ పెయింటు డబ్బాలు. డబ్బాల్లో గోంగూర, తోటకూర, పచ్చిమిర్చి. గోడ మీద సెంట్రింగు తీగ కట్టి దానికి పాకించిన బీర. ఒక సగం డ్రమ్ములో నా భుజం ఎత్తున కరివేపాకు. నీళ్లెక్కడివంటే, ప్రతి గది ఏసీ నుంచి కారే చుక్కలకు సన్న గొట్టాలు తగిలించి, ఒక్కో గొట్టాన్ని ఒక్కో డబ్బాలోకి దింపారు. లోపల పన్నెండు మంది చల్లగా పడుకుంటే బయట బీరతీగ నీళ్లు తాగుతుంది. మట్టి వాగులోంచి తెచ్చారట, ఎరువు మేకల దొడ్డి నుంచి, విత్తనాలు మామ తువ్వాలలో కట్టుకుని ఊరి నుంచి. ఆ మధ్యాహ్నం నన్ను గది నేల మీద పేపరు పరిచి కూర్చోబెట్టి గోంగూర మాంసంతో అన్నం పెట్టారు. అంత తిండి నేను బాబాయి ఇంట్లో ఎన్నడూ తినలేదు. తిని, చెయ్యి కడుక్కుని, ఫోను తీశాను.

“ఎందుకు బిడ్డా ఫోటో?” అన్నాడు మామ. “ఊరికే మామా. గుర్తుకు” అన్నాను.

గుర్తుకు అన్నవాణ్ని గుర్తుకే ఉంచుకోవాల్సింది. ఆ సాయంత్రమే వీడియో పెట్టేశాను. పేరు ‘మస్కట్ గుండెలో దాగిన పల్లె.’ నేపథ్యంలో వేణువు. నా గొంతు, నాది కానంత లోతుగా: “ఎడారి నడిబొడ్డున, లోకం పట్టని ఒక అమాయక రైతు...” (ఆ అమాయక రైతు అప్పటికి పదేసి అంతస్తుల భవనాలకు సెంట్రింగు కట్టినవాడు. లోకం పట్టనిది ఎవరికో మీరే తేల్చుకోండి.) రెండు రోజుల్లో నా పోస్టులన్నిటికీ కలిపి రానన్ని లైకులు వచ్చాయి. ఫ్రాన్స్‌గాడు కూడా ‘అద్భుతం’ అని రాశాడు. ఆ మాటను నేను స్క్రీన్‌షాట్ తీసి దాచుకున్నాను. ఇంట్లో మాత్రం పిన్ని మూతి ముడుచుకుంది. ఆమె స్నేహితురాలు ఫోను చేసి, “అక్కా, మీ హైపర్‌మార్కెట్ ఘాలాల ఉన్నదా?” అని అడిగిందట. “డబ్బాలు జూపెట్టుడు నీకంత అవుసరమా?” అంది పిన్ని. అసూయ అనుకున్నాను.

మంగళవారం కాలేజీలో ఉండగా కడప భాయ్ ఫోను.

“సారూ, మీ వీడియో శానా బాగుండాది సారూ.”

“థాంక్స్ భాయ్.”

“మా క్యాంపు బాసు గూడా చూసినాడు సారూ. గోడ మీద క్యాంపు నంబరు సాఫ్‌గా కనపడతాండాదంట. లైకు గూడా కొట్టినాడంట.”

“అరె, నిజంగానా!”

“అవును సారూ. కొట్టి, శనివారం పొద్దుటి లోపల మొత్తం ఖలాస్ చెయ్యమన్నాడు. ఇన్‌స్పెక్షన్ ఉండాదంట, సందులో నీళ్లు నిలబడితే దోమలంట. చెట్లు పీకకపోతే రూము మొత్తానికి మెమో.”

ఫోను పెట్టేశాక ఏం పాఠం చెప్పారో నాకు గుర్తు లేదు. అందరి కళ్లూ పడకుండా పదేళ్లుగా పెరుగుతున్న తోటను నేను ఒక్క పూటలో కనిపెట్టి, నాలుగు రోజుల్లో ముగించేశాను. అయినా నాకు పూర్తిగా బుద్ధి రాలేదు. నా దగ్గర చదువుందిగా! బుధవారం టై కట్టుకుని, ఇంగ్లిషులో రెండు పేజీల ఉత్తరం రాసుకుని క్యాంపు బాసు గదికి వెళ్లాను. ఎదురుగా గోడ మీద ‘శుభ్రమైన క్యాంపు, సంతోషమైన క్యాంపు’ అని బోర్డు, దాని కింద సంతోషం లేని మనిషి. మొక్కల వల్ల ఉద్యోగుల మానసిక ఆరోగ్యం, ఉత్పాదకత, సంస్థ ప్రతిష్ఠ ఎలా పెరుగుతాయో పావుగంట ఉపన్యసించాను. ఆయన టీ తాగుతూ ఓపిగ్గా విన్నాడు. కప్పు కింద పెట్టి, “బహుత్ అచ్ఛా బోల్తే హో” అన్నాడు. నేను సిగ్గుపడి తల వంచుకున్నాను. “బతాకా దిఖావో” అన్నాడు. గుర్తింపు కార్డు తీసిచ్చాను. “విద్యార్థివి. మా కంపెనీ మనిషివి కావు. మరి శుక్రవారం నిన్ను గేటు లోపలికి తెచ్చిందెవరు?” అని హిందీలో చల్లగా అడిగాడు. నేను నోరు తెరవాల్సిన అవసరం కూడా రాలేదు. వీడియో ఎనిమిదో సెకనులో బస్సు అద్దంలో కడప భాయ్ మొహం నవ్వుతూ కనిపిస్తుంది. అలా నా ఉపన్యాసం వల్ల తోటకు దక్కింది లేదుగాని, భాయ్‌కి ఒక మెమో దక్కింది.

సాయంత్రం సైటు నుంచి బస్సు వచ్చేదాకా గేటు బయట నిలబడ్డాను. మామ సిమెంటు దుమ్ముతో దిగాడు. క్షమించమని అడగడానికి ఇంగ్లిషులో మంచి మంచి మాటలు తయారుచేసుకున్నాను గాని, తెలుగులో ఒక్కటీ సిద్ధంగా లేదు. “తప్పయింది మామా” అన్నాను. ఆయన హెల్మెట్ తీసి చంకలో పెట్టుకున్నాడు.

“వీడియో సూసిన బిడ్డా. మా రూముల పిలగాండ్లు పెట్టి జూపిచ్చిన్రు. అమాయక రైతు అన్నవట నన్ను.”

“ఊరికే... మాటవరసకు...”

“అమాయకుడు అంటె అన్నవ్ గని, రైతు అన్నవ్ సూడు, మంచిగనిపిచ్చింది. మాకు ఊర్లె గుంటెడు జాగ లేదు. మా నాయిన మందికి పాలేరుండె. నాది అని నేను ఇత్తు పెట్టింది గీ డబ్బలల్లనే.” హెల్మెట్‌ను రెండో చంకలోకి మార్చుకున్నాడు. “గుర్తుకు అంటివి గదా. అడిగితె నేను వద్దందునా, అనకపోదునా ఎరుక లేదు. గని అడగాలె.”

తిట్టి ఉంటే బాగుండేది. తిట్లయితే నేను పక్కకు తప్పుకునేవాణ్ని. ఈ మాటలు తిన్నగా వచ్చి తగిలాయి. ఆ రాత్రి వీడియో తీసేశాను. తీసేస్తున్నప్పుడు కూడా ఎన్ని లైకులు పోతున్నాయో ఒకసారి చూసుకున్నానని ఒప్పుకుంటున్నాను. మనిషి అంత త్వరగా బాగుపడడు.

దారి చూపించింది మెమో తిన్న కడప భాయే. బర్కా వైపు సముద్రం పక్కన ఒక ఒమనీ ముసలాయనకు ఖర్జూరం తోట ఉందట. మజ్రా అంటారు. ఎప్పుడో ఆయన బండి ఇసకలో దిగబడితే భాయ్ తాడు కట్టి లాగాడట. “అడిగి చూద్దాం, పోయేదేముండాది” అన్నాడు. శుక్రవారం పొద్దున ఒక స్నేహితుడి పికప్ అడిగి తెచ్చాడు. ముగ్గురం బయలుదేరాం. దారిలో నేను గట్టిగా చెప్పాను: “మాట్లాడే పని నాకు వదిలేయండి. నాకు అరబ్బీ వచ్చు.” చేసిన నష్టానికి ఏదో ఒకటి పూడ్చాలన్న తపన. మామ, భాయ్ మొహాలు చూసుకుని సరేనన్నారు. (పెద్దమనుషులు. వాళ్లలాంటివాళ్ల వల్లే నాలాంటివాళ్లు అంత ధీమాగా తిరుగుతుంటారు.)

ముసలాయన ఖర్జూరం నీడలో చాప మీద కూర్చుని, చిన్న గిన్నెల్లో కాఫీ పోసి, ఖర్జూరాలు ముందుకు తోశాడు. నేను గొంతు సవరించుకుని, పుస్తకంలోని అరబ్బీ మొదలుపెట్టాను. ఈ మనుషులు మంచివారు, వీరికి మీ తోటలో కొంచెం చోటు కావాలి అన్నంతవరకు బాగానే నడిచింది. ఆకు అనే మాటకు ‘వరక్’ అని చదువుకున్నాను. అదే మాటకు కాగితమనే అర్థం కూడా ఉందని ఆరు వారాలు అయ్యాక ఏడో వారంలో చెప్పేవారేమో! “ఈ మనిషికి వరక్ కావాలి. క్యాంపులో ఉన్న వరక్‌ను కంపెనీ లాగేస్తోంది. అందుకే ఇక్కడ దాచాలి” అని చాలా భావంతో చెప్పాను. ముసలాయన చేతిలో కాఫీ గిన్నె ఆగిపోయింది. “వరక్ మాఫీ?”, అంటే వరక్ లేదా, అన్నాడు మామ వైపు చూసి. నేను హుషారుగా తలూపాను. “మాఫీ, మాఫీ! శనివారం నుంచి అసలేమీ ఉండదు!” ఆయన లేచి నిలబడ్డాడు. కర్ర తీసుకున్నాడు. కాగితాలు లేని మనుషుల్ని తెచ్చి నా తోటలో దాచమంటావా, పోలీసులకు ఫోను చేస్తాను అని ఆయన అరుస్తున్నాడని నాకు అర్థమయ్యేసరికి కడప భాయ్ అప్పటికే పికప్ తాళాలు చేతిలోకి తీసుకున్నాడు.

అప్పుడు మామ లేచాడు. తొందరపడలేదు. ముందు జేబులోంచి తన బతాకా తీసి చాప మీద పెట్టాడు. పక్కనే సంచీలోంచి గోంగూర కొమ్మ ఒకటి తీసి పెట్టాడు. కార్డును చూపించి “హాదా మౌజూద్” అన్నాడు. కొమ్మను చూపించి “హాదా మాఫీ మకాన్” అన్నాడు. ఇది ఉంది, దీనికి చోటు లేదు. అంతే. క్రియ లేదు, విభక్తి లేదు, వ్యాకరణం అసలే లేదు. ముసలాయన కర్ర కింద పెట్టి, కొమ్మ అందుకుని, ఎర్రటి కాడను గోటితో గిల్లి వాసన చూశాడు. “కర్కదే!” అన్నాడు. ఈ మొక్క పూల తొడుగులతో వాళ్లు ఎర్రటి పానీయం కాచుకుంటారు. “పువ్వు కావాలా?” అని సైగ చేశాడు. మామ కాదని ఆకు చూపించి, నోటి దగ్గర చెయ్యి పెట్టాడు. ముసలాయన నమ్మలేదు. “ఇది మా మేకలు తింటాయి” అన్నట్టు మేకల దొడ్డి వైపు చూపించాడు. “మేక ఆకు తింటది, అనా మేక తింటా. ఔర్ ఆకు భీ తింటా. సబ్ సవా సవా” అన్నాడు మామ, మేకనూ ఆకునూ తననూ చూపిస్తూ, అంతా ఒకటేనని, పదిహేడేళ్ల సైటు భాషలన్నీ కలిపి. ముసలాయన ఒక్క క్షణం ఆలోచించి, కడుపు పట్టుకుని నవ్వాడు. తరవాత నా వైపు వేలు చూపించి మామను ఏదో అడిగాడు. మామ గంభీరంగా జవాబిచ్చాడు. ఏమన్నాడని భాయ్‌ని అడిగాను.

“ఈ కుర్రోడెవరు, పనికొస్తాడా అని అడిగినాడు సారూ. కొత్త హెల్పరు, నేర్చుకుంటాండాడు అని చెప్పినాడు మామ.”

కిరాణా కొట్టు తాత వింటే ఎంత సంతోషించేవాడో!

ఖర్జూరం చెట్ల మధ్య, కాలువ గట్టున, రెండు మంచాలంత నేల ఇచ్చాడాయన. బదులుగా ఆయన అడిగింది ఒక్కటే: పూలు ఆయనకు, ఆకు వాళ్లకు. ఆ మధ్యాహ్నం మూడు సార్లు పికప్ ఘాలాకూ తోటకూ తిరిగింది. గేటు లోపలికి నన్ను రానివ్వరు కాబట్టి, గది మనుషులు సందులోంచి ఒక్కో డబ్బా గేటు దాకా తెస్తే, నేను ఎత్తి బండిలో పెట్టేవాణ్ని. తడి మట్టి డబ్బా అంత బరువుంటుందని ఏ పుస్తకమూ చెప్పలేదు. పదో డబ్బాకు నడుం పట్టేసింది. ఇరవయ్యో డబ్బాకు నా అరబ్బీ, ఇంగ్లిషు, ఎంబీయే మూడూ పోయి ఒక్క “అమ్మా” మిగిలింది. బీరతీగ బతకలేదు. కరివేపాకు డ్రమ్ము ఎత్తడానికి ఐదుగురం పట్టాం. శనివారం ఇన్‌స్పెక్షన్‌కు వచ్చినవాళ్లు ఖాళీ సందును చూసి సంతృప్తిగా తలాడించారట. వాళ్లకు క్యాంపు ఆహ్లాదంగా కనబడాలని, గేటుకు అటూ ఇటూ రెండు ప్లాస్టిక్ చెట్లు తెప్పించి పెట్టారు. వాటికి నీళ్లు నిలబడవు, దోమలు రావు, మెమోలు అక్కర్లేదు.

ఆ తరవాత నా శుక్రవారాలన్నీ బర్కా వైపే. మడి కట్టడం, కలుపు తీయడం, కాలువకు అడ్డం వేసిన గుడ్డ తీసి నీళ్లు మళ్లించడం మామ చెబుతుంటే చేసేవాణ్ని. మిగతా రోజుల్లో ముసలాయనే నీళ్లు వదిలేవాడు. నెలకోసారి ముసలాయనతో పాటు దగ్గరి సంతకు వెళ్లి ఆయన ఎండు చేపలు బేరమాడుతుంటే సంచీ మోసేవాణ్ని. అక్కడ ఫోటో తీయాలని తోచేది కాదు, చేతులు ఖాళీ ఉండేవి కావు. ఇంటికి గోంగూర మళ్లీ రావడం మొదలైంది, ఈసారి నా చేతే. పిన్ని మాత్రం స్నేహితురాళ్లకు, “మావాడు ఫార్మ్ నుంచి తెస్తడు. డైరెక్ట్ ఫార్మ్” అని చెప్పుకునేది. ఆమెను మార్చడం ఏ తోట వల్లా కాదు.

మరుసటేడు నా చదువైపోయి అల్ ఖువైర్‌లో ఉద్యోగం దొరికింది. ఆ వేసవిలోనే మామ వీసా క్యాన్సిల్ చేయించుకున్నాడు. మోకాళ్లు సెంట్రింగు ఎక్కనివ్వడం లేదన్నాడు. ఊళ్లో ఎవరిదో పొలం కౌలుకు తీసుకుంటానన్నాడు. వెళ్లేముందు మడి పక్కన నిలబడి, “నీళ్లు తప్పియ్యకు బిడ్డా. ఎండలు ముదిరితె ఒక్కనాడు తప్పినా ఆగయి” అన్నాడు. “నాకు వదిలేయండి మామా” అన్నాను. ఈ మాట నేనింతకుముందు కూడా ఒకసారి అన్నానని ఆయనకు గుర్తు రాకపోయుంటుందా?

జూన్‌లో నా కొత్త ఉద్యోగంలో ఏదో రిపోర్టు పడి, ఒక శుక్రవారం వెళ్లలేదు. మధ్యలో నీళ్లు మళ్లించే ముసలాయనకు ఫోను చేయాలనుకుని మర్చిపోయాను, ఆయన ఊళ్లోనే లేడనీ, దూరాన సలాలా వెళ్లాడనీ తరవాత తెలిసింది. రెండో శుక్రవారం వెళ్లేసరికి మడిలో గోధుమ రంగు పుల్లలు నిలబడి ఉన్నాయి. ముట్టుకుంటే పొడి రాలింది. అక్కడే నిలబడి ఉండగా ఫోను మోగింది. మామ.

“ఎట్లున్నది బిడ్డా మడి?”

“బ్రహ్మాండంగా ఉంది మామా. మోకాలెత్తు వచ్చింది. రోజూ కోస్తున్నాను.”



“రోజు కోస్తున్నవా?”

“ఔను మామా. లేతగా ఉన్నాయని.”

అవతల ఎవరో ట్రాక్టరు నడుపుతున్న మోత వినిపించింది.

“సచ్చినయా బిడ్డా?”

“చచ్చిపోయాయి మామా.”

“ఎన్ని?”

“అన్నీ.”

ఆయన నవ్వడం మొదలుపెట్టాడు. దగ్గు వచ్చేదాకా నవ్వి, ఎవరితోనో “మంచినీళ్లియ్యిండ్రి” అని, మళ్లీ లైనులోకి వచ్చాడు. “నాయి గూడ మొదటేడు ఒక్కటి బత్కలే. రూముల ఎవ్వలకు చెప్పలే. మస్తు పెరిగినయ్, మొన్ననే కోసిన అనుకుంట తిరిగిన. ఎండలు తగ్గినంక మల్లెయ్యి. ఇత్తులు పంపుత” అన్నాడు. ఆ ఎండలో, ఎండు పుల్లల మధ్య నిలబడి నేనూ నవ్వాను. పక్క మడిలో గడ్డి కోస్తున్న మనిషి నన్ను చూసి ఎండదెబ్బ అనుకుని నీళ్ల సీసా తెచ్చిచ్చాడు.

ఇదంతా జరిగి చాలా ఏళ్లయింది. ఆ టై కట్టిన కుర్రవాడు గుర్తొచ్చినప్పుడల్లా నవ్వొస్తుంది, దాని వెనకే కాస్త అసూయ కూడా కలుగుతుంది. ఇప్పుడు నేనే అల్ ఖువైర్‌లో ఒక గాజు గదిలో మీటింగులు నడుపుతున్నాను. ఎండిపోయి నెలలైన పనులన్నీ మోకాలెత్తు పెరిగాయని మేమంతా ఒకరికొకరం చెప్పుకుంటూ ఉంటాం. అందరం తలలూపుతాం. “ఎన్ని?” అని అడిగే మనిషి మాత్రం ఆ బల్ల చుట్టూ ఒక్కడూ లేడు.